బురద లేని జీపు

హుసేనమ్మ జీపు కొనడానికి అన్నం గుండిగ వెంటబెట్టుకుని పోయింది.

ఆటోలో గుండిగతో పాటు సాంబారు క్యాను, గుడ్ల బుట్ట, లింగమ్మ ఉన్నారు. తుమ్మలదిన్నెలో హుసేనమ్మ, లింగమ్మ కలిసి పొయ్యి వెలిగిస్తారు. చుట్టుపక్కల మూడు ఊళ్ల బళ్లకు మధ్యాహ్నం అన్నం అక్కడినుంచే పోతుంది. వాన లేనప్పుడు ఇబ్బంది లేదు. వాన పడితే ఆ దారంతా నల్లరేగడి. స్కూటరు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుని చక్రం తిరగడం మానేస్తుంది. ఆటో తారురోడ్డు దిగదు. అట్లాంటి రోజుల్లో ఇద్దరూ గిన్నెలు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లు. అన్నం చేరేసరికి పిల్లలు ఆకలితో ఇళ్లకు పోయి ఉండేవాళ్లు.

ఈ ఏడు కొత్త షరతు వచ్చింది. వంట చేసేవాళ్లకు తమ పేరు మీద బండి ఉండాలి. బళ్లు తెరిచేలోపు ఆ కాగితం మండలాఫీసులో ఇవ్వకపోతే మూడు బళ్ల వంట పట్నంలోని పెద్ద వంటశాలకు పోతుంది. ఆ వంటశాల వ్యాను తారురోడ్డు దాకా వస్తుంది. అక్కడినుంచి అన్నం ఎట్లా పోతుందో షరతుల్లో రాయలేదు.

హుసేనమ్మ ట్రాక్టరు నడుపుతుంది. కారు లైసెన్సు కూడా తెచ్చుకుంది. కారు మాత్రం వాళ్ల ఇంట్లో ఇంతవరకు ఎవరూ కొనలేదు.

ఖాజా పాత బండ్ల షెడ్డులో మూడు జీపులు ఉన్నాయి. మొదటిదానికి నెత్తి మీద వరసగా లైట్లు, పక్కన కొండ ఎక్కుతున్న జీపు బొమ్మ ఉన్నాయి.

"పట్నం పిల్లోడిదక్కా," అన్నాడు ఖాజా. "ఒక్కసారి గూడ మట్టి తొక్కలే."

"తొక్కకపోతే మంచిదా, చెడ్డదా?"

"కొనేటోళ్లను బట్టి ఉంటాదక్కా."

హుసేనమ్మ ఎక్కి కూర్చుని ఫోర్ వీల్ లివరు లాగింది. లివరు చేతిలోకి వచ్చింది. ఖాజా దాన్ని తీసుకుని మళ్లీ చోటులో గుచ్చాడు.

"చూపుకు పెట్టుకున్నాడక్కా. కింద దేనికీ తగిలించలే."

రెండోదానికి కొత్తగా రంగు వేశారు. కాళ్ల కింది పట్టా ఎత్తి చూస్తే నేల కనిపించింది. లింగమ్మ వంగి చూసింది.

"బాగుంది లేమ్మే. దారి ఎట్లుండాదో కూర్చోనే చూసుకోవచ్చు."

మూడోది విత్తనాల కంపెనీ వాళ్లు చేలల్లో తిప్పినది. సీట్లు చిరిగాయి. తలుపుకు సొట్ట ఉంది. మడ్‌గార్డుల లోపల మట్టి పెళ్లలు కట్టి ఉంది. హుసేనమ్మ టార్చి పట్టుకుని కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక బండిని షెడ్డు వెనక ఇసక కుప్ప మీదికి ఎక్కించింది. లివరు వేస్తే నాలుగు చక్రాలూ తిరిగాయి. దిగి, గుండిగ లోపల పెట్టింది. పక్కన క్యాను పట్టింది. తలుపు పడింది.

"ఇదే," అంది.

"మరి నేను యాడ కూర్చోవల్ల?"

"గుడ్ల పక్కన."

"గుడ్లు పగిలితే నన్నే అంటావు," అంది లింగమ్మ. బేరం అక్కడితో అయిపోయింది.

పేరు మార్చుకోవడం దగ్గర ఖాజా నసిగాడు. పాత కారు ఏదైనా అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ సంతకాలు పెట్టి కౌంటర్లో ఇస్తే మారిపోతుంది. పాత జీపులకు మాత్రం ఈమధ్య కొత్త నిబంధన వచ్చింది. రాజధానిలో ఒక పెద్ద అధికారి లైట్ల జీపు ఒకటి కొనుక్కుని, కుటుంబంతో ఏటి ఒడ్డుకు పోయి, ఇసకలో దిగబడి, ఎడ్లబండి మీద తిరిగి వచ్చాడని చెప్పుకున్నారు. ఆ తర్వాత సర్క్యులర్ వచ్చింది. ఖాజా దాన్ని షెడ్డు గోడకు అంటించి పెట్టుకున్నాడు.

"రోడ్డు దిగని వాహనమును ఆఫ్‌రోడ్ వాహనముగా విక్రయించుట కొనుగోలుదారుని మోసగించుటయే గాక, ఆఫ్‌రోడ్ అను భావనకే భంగకరము. కావున అట్టి పాత వాహనముల యాజమాన్య మార్పిడికి ముందు, సదరు వాహనము గతమున రోడ్డు దిగియున్నట్లు నిర్ధారించుకొనవలెను."

ఇందుకోసం జిల్లా రవాణా కార్యాలయంలో ఆఫ్‌రోడ్ విభాగం అని ఒకటి తెరిచారు.

"ఏం చూసి నిర్ధారిస్తారన్నా?" అని అడిగింది హుసేనమ్మ.

"నాకూ తెల్దక్కా. నా కాడ కొన్నోళ్లెవరూ తిరిగొచ్చి చెప్పలే. అందరూ ఇంకా ఆఫీసు చుట్టే తిరుగుతాండారు."

జీపు తుమ్మలదిన్నెకు వచ్చిన మర్నాడు ఇద్దరూ దాన్ని బోరు కింద పెట్టి కడిగారు. దేన్నయినా పెద్దవాళ్లకు చూపించాలంటే కడిగి, బొట్టు పెట్టి తీసుకుపోవడం వాళ్లకు తెలిసిన మర్యాద. పైగా దారిలో సుంకులమ్మ గుడి దగ్గర ఆగాలి. లింగమ్మ కత్తిపీట పక్కన పెట్టి, చిన్న కత్తి తీసుకుని మడ్‌గార్డుల లోపల పెళ్లలన్నీ గీకింది. కొబ్బరి పీచుతో ఇరుసు కూడా తోమింది.

"ఎవురి చేన్లోదో మట్టి. అమ్మవారి ముందరికి యాల తీస్కపోవల్ల?" అంది.

గుడి ముందు చక్రాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించారు. అక్కడినుంచి నేరుగా రవాణా కార్యాలయానికి పోయారు.

కార్యాలయం గేటు మీద బోర్డు ఉంది: పరిశుభ్ర ప్రాంగణం, జిల్లాలో ద్వితీయ స్థానం. గేటు పక్కన సిమెంటు వాలు కట్టి, నీళ్ల పైపు పట్టుకుని మౌలాలి అనే వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. ముందు ఒక జీపును కడుగుతున్నాడు.

"బురదతో లోపలికి రాకూడదమ్మా. కడిగి పంపల్ల," అన్నాడు.

"కడిగే తెచ్చినామన్నా."

"అది మీ కడుగుడు. ఇది ఆఫీసు కడుగుడు."

కడగడం అయింది. పసుపు పోకుండా లింగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. లోపల చెట్టు నీడలో పది పన్నెండు జీపులు నిలబడి ఉన్నాయి. ముందు కడిగించుకున్న జీపు మనిషి తిరుపాలు. ఉల్లిగడ్డల వ్యాపారి. చాలాకాలంగా వస్తున్నవాడు కాబట్టి కొత్తవాళ్లకు సంగతులు చెప్పడం ఆయన పనయిపోయింది.

"లోపల బురద చూస్తారక్కా," అన్నాడు. "బండి రోడ్డు దిగిందనడానికి బురదే ఆధారమంట."

"గేటు కాడ కడిగేస్తిరి గదా?"

"కడిగినాక మిగిలింది చూస్తారు. నిజంగా వాడిన బండి బురద కడిగినా పోదని సారు నమ్మకం. నేను చేన్లో పొర్లించి, ఎండబెట్టి, మళ్లీ పొర్లించి తెచ్చినా. ఇంత మిగిలింది. గీకి ల్యాబుకు పంపినారు. అది గేటు కాడ వాలు మీది మట్టే అని ల్యాబు వాళ్లు రాసినారు."

"మరి ఎవురికన్నా అయిందా?"

"లే."

"కాదని పంపిచ్చినోళ్లు?"

"వాళ్లూ లే. అందరం పెండింగే."

హుసేనమ్మ తన జీపు వైపు చూసింది. చక్రాలు ఖాజా షెడ్డులో ఉన్నప్పటికంటే నల్లగా మెరుస్తున్నాయి. లింగమ్మ తన చేతుల వైపు చూసుకుంది.

"నేనే గదమ్మే కత్తి పెట్టి గీకింది," అంది.

"నువ్వు గీకకపోతే నేను గీకుదును లే."

విభాగం పర్యవేక్షణాధికారి పేరు సుధీంద్ర. ఆయన కిందికి దిగి వచ్చాడు. చేతిలో స్టీలు స్కేలు, కర్రకు కట్టిన అద్దం, టార్చి, చిన్న ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. దరఖాస్తుదారులతో మర్యాదగా మాట్లాడే మనిషి అని పేరుంది. లంచం తీసుకోడు. తీసుకుని ఉంటే పని తొందరగా అయ్యేదని తిరుపాలు అప్పుడప్పుడు బాధపడేవాడు.

"అమ్మా, మీ వాహనంలో బురద ఎక్కడ లభ్యమవుతుంది?" అని అడిగాడు సుధీంద్ర.

"లేదు సార్. కడిగినా."

"పైపైననా?"

"అడుగున గూడ."

సుధీంద్ర అద్దం కిందికి పెట్టి నాలుగు చక్రాల లోపలా చూశాడు. తృప్తి కలగక పడుకుని చూశాడు. లేచాక వేలికి ఏదో అంటింది. దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది?"

"పసుపు సార్."

"పసుపు బురద కాదు," అని రాసుకున్నాడు. తర్వాత పెన్ను ఆపాడు. ఆయన దగ్గరున్న కాగితంలో నాలుగు గడులే ఉన్నాయి: ఎ, బి, సి, సందేహాస్పదం. బురద ఉన్నదన్న తర్వాతే ఏ గడైనా మొదలవుతుంది.

"ఈ పరిస్థితిని నిబంధనలు ఊహించలేదు," అన్నాడు.

"బండి మట్టిలో పోతాదో లేదో ఇప్పుడే నడిపి చూపిస్తా సార్. గేటు బయట చెరువు ఉండాది."

"అమ్మా, నడపడం వేరు, నడిచినట్టు ఆధారం వేరు. మీరు ఇప్పుడు నడిపితే అది భవిష్యత్తు కిందికి వస్తుంది. మా విభాగానికి గతం మాత్రమే అప్పగించారు."

"అట్లయితే పోయి ఇంత బురద పూసుకోనొస్తా."

"గేటులో కడుగుతారు కదా."

"అది మీరు వద్దని చెప్పకూడదా సార్?"

"పరిశుభ్రత మా పరిధి కాదు. వారు వేరే విభాగం. వారి పనిలో మేము జోక్యం చేసుకుంటే రేపు మా బురదలో వారు జోక్యం చేసుకుంటారు."

ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. చుట్టూ నిలబడ్డ దరఖాస్తుదారులు కూడా కొత్తేమీ కానట్టు తల ఊపారు.

వారం తిరక్కముందే సందేహ నివృత్తి సంఘం ఏర్పడింది. ముగ్గురు సభ్యులు. సుధీంద్ర కన్వీనర్. సంఘం ముందున్న ప్రశ్న ఒకటే: ఒక వాహనంలో బురద లేదని ఎప్పుడు చెప్పవచ్చు. మొదటి సమావేశంలో ఒక సభ్యుడు, బురద అంటే ఏమిటో తేలకుండా బురద లేకపోవడం అంటే ఏమిటో తేలదని అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. కాబట్టి పోల్చి చూసుకోవడానికి ప్రామాణిక బురద కావాలని తీర్మానించారు.

ప్రామాణిక బురద తయారు చేయడానికి ఆవరణలో తగిన చోటు లేదు. సిబ్బంది బండ్లు నిలిపే చోట తారు పగలగొట్టి గుంత తవ్వారు. జిల్లాలో పక్షపాతం ఉండకూడదని నాలుగు దిక్కులనుంచి నాలుగు ట్రాక్టర్ల మట్టి తెప్పించారు. రోజూ ఒక ట్యాంకరు నీళ్లు పోసి కలిపించారు. చుట్టూ తాడు కట్టి, "ముట్టరాదు" అని బోర్డు పెట్టారు.

హుసేనమ్మ వచ్చినప్పుడల్లా గుంత ఇంకొంచెం పెద్దదయి కనిపించేది. మట్టికి నీళ్లు ఎక్కువయి తాడు దాటి వచ్చింది. మెట్ల దాకా వచ్చింది. అధికారులు కార్లు రోడ్డు మీద ఆపుకుని, బూట్లు చేత పట్టుకుని, చెక్క పలకల మీద నడిచి వస్తున్నారు. తలుపు దగ్గర పరిశుభ్రతా విభాగం వాళ్లు కాళ్లు కడిగి లోపలికి పంపుతున్నారు. సిబ్బంది కాళ్లకు అంటిన బురద ఎవరి పరిధిలోకి వస్తుందని రెండు విభాగాల మధ్య ఒక ఫైలు నడిచింది. ఆ ఫైలు మీద కూడా కొంత అంటింది.

"మన దారి ఇంతకంటే నయం గదమ్మే," అంది లింగమ్మ.

హుసేనమ్మ నవ్వలేదు. మండలాఫీసు నుంచి మళ్లీ ఫోను వచ్చింది. బళ్లు సోమవారం తెరుస్తారు. బండి కాగితం రాకపోతే పట్నం వంటశాలకు రాసేస్తామని చెప్పారు. పోయిన జూలైలో చింతలగుట్ట బడి వరండాలో పళ్లేలు వరసగా పెట్టి ఉండగా, పిల్లలు లేకుండా చూసిన రోజు ఆమెకు గుర్తుంది. అన్నం గిన్నెతోనే తిరిగి వచ్చింది ఆ రోజు.

"ఆ పట్నం వంటశాలకే పోయి గిన్నెలు తోముకుందామా?" అంది లింగమ్మ.

"వాళ్లకు గిన్నెలు తోమే మిషన్ ఉండాదంట."

"అట్లయితే మనం ఇంక మిషన్ను తోమల్ల."

శుక్రవారం సంఘం రెండోసారి, చివరిసారి కూర్చుంది. కూర్చోలేదు, గుంత పక్కన పలకల మీద నిలబడింది. హుసేనమ్మ జీపును గేటులో మౌలాలి మరోసారి కడిగాక తాడు దగ్గరికి తెచ్చారు. సుధీంద్ర ఒక చేతి వేలు ప్రామాణిక బురదలో ముంచాడు. రెండో చేతి వేలు మడ్‌గార్డు లోపల రుద్దాడు. రెండు వేళ్లూ సభ్యులకు చూపించాడు. సభ్యులు కళ్లద్దాలు సవరించుకుని చూసి సంతకాలు పెట్టారు. మధ్యాహ్నానికి ఉత్తర్వు టైపయి వచ్చింది.

"సదరు వాహనమునందు బురద ఏ రూపమునను, ఏ పరిమాణమునను లభ్యము కానందున, ఇది ఆఫ్‌రోడ్ వాహనము కాదని ఇందుమూలముగా నిర్ధారించి, దరఖాస్తును తిరస్కరించడమైనది."

విభాగం తెరిచిన తర్వాత తేలిన మొదటి ఫైలు అదే. సిబ్బంది టీ తెప్పించుకున్నారు. హుసేనమ్మకూ ఒక గ్లాసు ఇచ్చారు. సుధీంద్ర ఉత్తర్వు రెండు చేతులతో అందించాడు.

"ఫలితం మీకు అనుకూలంగా లేకపోయినా, మీవల్ల మా విభాగానికి ఒక స్పష్టత వచ్చిందమ్మా."

హుసేనమ్మ గ్లాసు పట్టుకుని ఆ కాగితం చదివింది. మళ్లీ చదివింది. లింగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"సార్, ఒక మాట. ఇది ఆఫ్‌రోడ్ బండి కాదు గదా?"

"కాదు. సంఘం ఏకగ్రీవంగా తేల్చింది."

"మరి ఏం బండి సార్ ఇది?"

"కాదని చెప్పడమే మా అధికారం. ఏమిటన్నది మా పరిధిలోకి రాదు."

"ఎవురి పరిధిలోకి వస్తాది?"

సుధీంద్ర నిజాయితీగా ఆలోచించాడు.

"ఆఫ్‌రోడ్ కాని నాలుగు చక్రాల సొంత వాహనాలన్నీ మూడో కౌంటరు," అన్నాడు.

మూడో కౌంటర్లో గుమాస్తా దరఖాస్తు తీసుకుని కిటికీ లోంచి బయటికి చూసింది.

"మామూలు కారా అమ్మా? జీపులా ఉందే."

"నాకూ అట్లనే అనిపిచ్చింది మేడమ్. సార్లు సంఘం పెట్టి కాదని తేల్చినారు." హుసేనమ్మ ఉత్తర్వు ముందు పెట్టింది.

గుమాస్తా చదివింది. ముగ్గురి సంతకాలు, ముద్ర ఉన్నాయి. కిటికీ లోంచి కనిపించేదాన్ని ఫైల్లో పెట్టడం కుదరదు. "కారు, కుటుంబ వినియోగం" అని రాసి ముద్ర వేసింది. టీ గ్లాసు తిరిగి ఇచ్చేలోపే పేరు మారింది.

చెట్టు కింద తిరుపాలు ఎదురొచ్చాడు. ఆయన ఈసారి బురద మీద గోనెపట్ట కప్పి తడిపి తెచ్చాడు, ఎండి రాలిపోకుండా.

"ఎట్లక్కా అయింది?"

"కడుగన్నా," అంది హుసేనమ్మ. "అడుగున గూడ బాగా కడుగు."

ఆ మాట చెట్టు కింద అందరికీ చేరింది. తర్వాతి వారమంతా గేటులో కడగకముందే జీపులు మెరుస్తూ వచ్చాయి. ఇళ్ల దగ్గర సోడా పొడితో తోమారు. తిరుపాలు ఉల్లిగడ్డల సంచులు తోమే బ్రష్షు పళ్లు అరిగిపోయేదాకా రుద్దాడు. సుధీంద్ర అద్దం పెట్టి చూసి ఒక్కొక్కటే ఆఫ్‌రోడ్ వాహనం కాదని తేల్చాడు. నెల తిరిగేసరికి జిల్లాలో అధికారికంగా ఒక్క జీపు కూడా మిగల్లేదు. విభాగం పెండింగు సున్నాకు వచ్చింది. పైనుంచి అభినందన వచ్చింది. దాని వెనకే ఒక ప్రశ్న కూడా వచ్చింది: జిల్లాలో ఆఫ్‌రోడ్ వాహనమే లేనప్పుడు ఆఫ్‌రోడ్ విభాగం ఎందుకు?

విభాగం తన పని తానే వెతుక్కుంది. కొత్త సర్క్యులర్ వచ్చింది. "ఆఫ్‌రోడ్ వాహనము కాదని నిర్ధారింపబడిన కారు ఏదియును రోడ్డు దిగరాదు. దిగినట్లు బురద వలన రుజువైన యెడల యాజమాన్య మార్పిడి రద్దగును." క్షేత్ర తనిఖీ బాధ్యత సుధీంద్రకు పడింది. సిబ్బంది బండి ఆఫీసు ఆవరణలోని గుంతలో చిక్కుకుని ఉన్నందువల్ల ఆయన తన తెల్లకారు తానే నడుపుకుంటూ బయల్దేరాడు.

బళ్లు తెరిచినప్పటినుంచి హుసేనమ్మ అన్నం వేళకు చేరుస్తోంది. జూలైలో వాన పట్టింది. మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు జోరందుకుంది. ఆ రోజు ఇద్దరూ గుండిగ, క్యాను, గుడ్లు ఎక్కించి తారురోడ్డు దిగారు. జీపు రేగడిలో మెల్లగా పోతోంది. చింతలగుట్ట మలుపు దగ్గర ఒక తెల్లకారు తలుపుల దాకా దిగబడి ఉంది. పక్కన గట్టు మీద సుధీంద్ర గొడుగు పట్టుకుని, బూట్లు రెండో చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆగండమ్మా," అన్నాడు. "తనిఖీ."

హుసేనమ్మ బ్రేకు తొక్కింది. ఇంజను ఆపలేదు.

సుధీంద్ర బూట్లు కింద పెట్టి, జేబులోంచి స్కేలు తీసి, ముందు చక్రం దగ్గర వంగాడు. మడ్‌గార్డు లోపల కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు.

"మూడంగుళాల మందం," అన్నాడు. గొంతు తగ్గింది. "దీనికి ఎ ఇచ్చేవాణ్ణి. విభాగం తెరిచిన తర్వాత ఒక్క ఎ కూడా ఇవ్వలేదు."

"ఇప్పుడియ్యండి సార్."

"ఇప్పుడిది కుటుంబ కారు. కుటుంబ కారుకు ఇది నేరం."

లింగమ్మ కిటికీ లోంచి తల బయట పెట్టి తెల్లకారు వైపు చూసింది.

"మీ తనిఖీ మాత్రం బాగా లోతుగా జరుగుతాంది సార్."

ఆయన స్కేలు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. వాన గొడుగు మీద చప్పుడు చేస్తోంది.

"తాడు ఉండాది సార్. లాగమంటారా?" అంది హుసేనమ్మ.

సుధీంద్ర కారు వైపు చూశాడు, జీపు వైపు చూశాడు.

"మీ వాహనం లాగితే, అది బురదలో పనిచేస్తుందని నేను కళ్లారా చూసినవాణ్ణవుతాను. సంఘం తీర్మానం తప్పవుతుంది. మీ పేరు మార్పు రద్దు చేయాల్సి వస్తుంది."

"లాగకపోతే?"

"నేను ఇక్కడే ఉంటాను."

"రద్దు చేస్తే రేపట్నుంచి ఈ దారిలో అన్నం ఎవురు తెస్తారు సార్?"

"అది మా పరిధి..." అని మొదలుపెట్టి ఆగాడు.

"మీరు ఆలోచించుకోండి," అంది హుసేనమ్మ. "పిల్లోళ్లు పళ్లేలు పట్టుకోని కూర్చోనుంటారు. మూడు బళ్లకూ పెట్టేసి వస్తాం."

"తనిఖీ ముగియకుండా మీరు కదలకూడదమ్మా. నేను రాసుకోవాలి." జేబులోంచి కాగితం తీశాడు. కాగితం తడిసి, మడత దగ్గర చిరిగింది.

లింగమ్మ దిగింది. తాడు చుట్ట తెచ్చి గట్టు మీద పెట్టింది. కొంగులో చుట్టుకున్న గుడ్డు ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"బుట్టలోవి పిల్లోళ్లవి సార్. ఇది నాది. తినండి."

జీపు కదిలింది. చింతలగుట్టలో పిల్లలు వరండాలోనే ఉన్నారు. తర్వాత రెండో ఊరు, ఆ తర్వాత మూడోది. చివరి బడిలో వడ్డించి, గిన్నెలు ఖాళీ చేసుకుని తిరిగి వచ్చేసరికి వాన కొంచెం తెరిపిచ్చింది.

మలుపు దగ్గర తాడు ఒక కొస తెల్లకారుకు కట్టి ఉంది. ముడి సరిగ్గా పడలేదు గానీ మూడు నాలుగు సార్లు వేసి ఉంది. రెండో కొస దారి మధ్యదాకా పరిచి, బూటు ఒకటి దాని మీద బరువు పెట్టి ఉంది. సుధీంద్ర గట్టు చివర, రెండో బూటు చేత పట్టుకుని, వీపు ఇటు తిప్పి, పత్తి చేను వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"సార్," అంది హుసేనమ్మ.

"నేను ఇటు చూస్తున్నాను," అన్నాడు ఆయన వెనక్కి తిరగకుండా. "దారిన పోయే ఏదో వాహనం లాగిందని రాస్తాను. ఏ వాహనమో నేను చూడలేదు. తనిఖీ కాగితం వానకు చిరిగిపోయింది."

లింగమ్మ ఆ ముడి విప్పి మళ్లీ గట్టిగా కట్టింది. రెండో కొస జీపుకు తగిలించింది. హుసేనమ్మ ఫోర్ వీల్ లివరు వేసి, క్లచ్చి మెల్లగా వదిలింది. తాడు బిగిసింది. తెల్లకారు ఒక పక్కకు ఒరిగి, లేచి, గట్టి నేల మీదికి వచ్చింది.

"అయిపోయిందా?" అని అడిగాడు సుధీంద్ర, చేను వైపే చూస్తూ.

"అయిపోయింది సార్."

"పిల్లలు తిన్నారా?"

"తిన్నారు."

జీపు చప్పుడు తారురోడ్డు ఎక్కి, దూరమై, వినిపించకుండా పోయేదాకా ఆయన అట్లాగే నిలబడ్డాడు. తర్వాత ఇటు తిరిగాడు.